ఏమార్చు: ఒక క్రియ అర్థపరిధి – ప్రయోగ వివేచన

ఎదుటివారిని తెలివితో దెబ్బతీయడాన్ని చెప్పే క్రియలకు తెలుగులో కొరత లేదు. వంచించు, మోసగించు, ఏమార్చు, కన్నుగప్పు, బురిడీ కొట్టించు, బోల్తా కొట్టించు, టోకరా వేయు, శఠగోపం పెట్టు, పంగనామాలు పెట్టు వంటివి వ్యవహారంలో నిత్యం వినిపిస్తాయి. పాఠ్యగ్రంథాల టీకలలోను, విద్యార్థులు వాడే చిన్న నిఘంటువులలోను వీటిని ఒకదానికొకటి పర్యాయపదాలుగా ఇచ్చి సరిపెట్టడం పరిపాటి. ఈ పద్ధతివల్ల ఎక్కువగా నష్టపోయిన క్రియ 'ఏమార్చు'. 'ఏమార్చు అనగా మోసగించు' అన్న ఒక్క మాటతో దాని స్వతంత్రమైన అర్థం మరుగున పడుతున్నది. మోసగించడంలో అపహరణకు గురయ్యేది ఎదుటివారి నమ్మకం. ఏమార్చడంలో అపహరణకు గురయ్యేది ఎదుటివారి జాగరూకత. ఈ భేదం పదనిర్మాణంలోనే ఉంది. వాక్యంలోను, ఇతిహాస కథలలోని ధర్మనిర్ణయంలోను, నేటి పత్రికల భాషలోను అది పనిచేస్తూనే ఉంది. ఆ భేదాన్ని నిరూపించి, అది చెరిగిపోతే కలిగే అనర్థాన్ని చూపడం ఈ వ్యాస ఉద్దేశం.

పదనిర్మాణం

ఏమార్చు ప్రేరణార్థక రూపం. దీని మూలం 'ఏమఱు' అనే అకర్మక క్రియ. ప్రాచీన లేఖన సంప్రదాయంలో ఇది శకటరేఫతో కనిపిస్తుంది. ఱకార రకారాల భేదం వాడుకలో అంతరించిన తరువాత 'ఏమరు', 'ఏమారు' అనే రూపాలు నిలిచాయి. అజాగ్రత్తగా ఉండడం, పరాకు పడడం, మరచి ఉండడం దీని అర్థాలు. ఏమరక, ఏమరుపాటు, ఏమరుపాటున అనే రూపాలు నేటికీ శిష్టవ్యవహారంలో సజీవంగా ఉన్నాయి. 'ఏమరక కావలి కాయు' అన్నప్పుడు అందులో మోసపు ఛాయ లేశమైనా లేదు. పరాకు పడకుండా అని మాత్రమే అర్థం.

మారు–మార్చు, చేరు–చేర్చు, తీరు–తీర్చు, కూరు–కూర్చు, ఆరు–ఆర్చు అనే జంటల వరుసలోనిదే ఏమారు–ఏమార్చు జంట. ఈ జంటలన్నింటిలో ఒక సమానధర్మం ఉంది. అకర్మక క్రియ చెప్పే మార్పు వస్తువులో జరిగేది. సకర్మక క్రియ చెప్పే కర్త ఆ మార్పుకు కారకుడు మాత్రమే. దీపాన్ని ఒకరు ఆర్పవచ్చు, లేదా గాలికి అదే ఆరవచ్చు. అప్పు ఒకరు తీర్చవచ్చు, లేదా కాలక్రమాన అదే తీరవచ్చు. అలాగే ఒక వ్యక్తి ఏమరడానికి మరొకరు కారణం కావచ్చు, కాకనూ పోవచ్చు. ఎవరూ ఏమార్చకుండానే ఏమరడం మనుషులకు నిత్యకృత్యం.

మోసగించు, వంచించు అనే క్రియల నిర్మాణం ఇందుకు భిన్నం. అవి మోసం, వంచన అనే నామాలనుండి ఏర్పడ్డవి. ఆ నామాలు కర్త చేసే పనిని చెబుతాయి గాని బాధితునిలో కలిగే స్థితిని చెప్పవు. వాటికి ఎదురుగా 'మోసపోవు' అనే రూపం ఉన్నా, మోసపోవడానికి మోసగాడు ఒకడు అవసరం. ఎవరూ మోసగించకుండా మోసపోయానని ఒకరు అంటే అది అలంకారమే. టోకరా, టోపీ, శఠగోపం, పంగనామం వంటివి మరీ స్పష్టం. అక్కడ మోసం అనేది బాధితునికి పై నుంచి తగిలించే ఒక వస్తువు. బాధితుని మనఃస్థితితో ఆ పలుకుబడులకు నిమిత్తం లేదు. ఈ క్రియలన్నింటిలోను బాధితుని సొంత క్రియనుండి పుట్టినది ఏమార్చు ఒక్కటే. అందుచేత ఈ పదం వాడినప్పుడల్లా 'అవతలివాడు ఏమరాడు' అనే ఉపవాక్యం అందులో ఇమిడే ఉంటుంది. దోషంలో కొంత పాలు బాధితునికి పంచిపెట్టే క్రియ ఇది. దీని ప్రయోగంలోని సౌలభ్యానికీ, ప్రమాదానికీ ఈ లక్షణమే మూలం.

సోదర ద్రావిడ భాషలతో పోలిస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. తమిళంలోని 'ఏమాఱు'కు మోసపోవు, ఆశాభంగం పొందు అన్న అర్థాలు ప్రధానమయ్యాయి. ప్రేరణరూపం నేరుగా మోసగించడాన్ని చెబుతుంది. కన్నడంలోని 'ఏమారు', 'ఏమారిసు' కూడ ఆ దిశగానే నడిచాయి. తెలుగులో మాత్రం మూలక్రియ అజాగ్రత్త అన్న అర్థాన్ని విడిచిపెట్టలేదు. 'ఏమారితే అంతే సంగతులు' అన్న వాడుకలోని ఏమారడం మోసపోవడం కాదు, పరాకు పడడమే. తమిళనాట స్థిరపడిన తెలుగువారి మాటలో 'ఏమారిపోయినాను' అన్నది మోసపోయాను అన్న అర్థం వైపు మొగ్గితే అది పొరుగుభాష ప్రభావమని గ్రహించవచ్చు. తెలుగు ప్రేరణరూపాన్ని మోసగించుతో సమానం చేయడమంటే తెలుగు నిలుపుకొన్న అర్థాన్ని తెలియకుండానే వదులుకోవడం.

వాక్యంలో ప్రవర్తన

పర్యాయత్వాన్ని పరీక్షించడానికి ఒకదాని స్థానంలో మరొకదానిని నిలిపి చూడడం సులభమైన మార్గం. 'ఖైదీ కాపలావారిని ఏమార్చి పారిపోయాడు' అన్న వాక్యం సహజం. 'కాపలావారిని మోసగించి పారిపోయాడు' అంటే కాపలావారికీ ఖైదీకీ మధ్య ఏదో ఒప్పందం ఉన్నదనీ, దానిని అతడు మీరాడనీ స్ఫురిస్తుంది. 'కాపలావారి కన్నుగప్పి పారిపోయాడు' అన్నదీ సహజమే. అయితే కన్నుగప్పడంలో కర్త తన్ను తాను కనపడకుండా చేసుకొంటాడు. ఏమార్చడంలో కర్త కనబడుతూనే ఉండవచ్చు, ఎదుటివారి చూపు మాత్రం వేరొకచోట ఉంటుంది.

తల్లి బిడ్డకు చందమామను చూపి, ఏమార్చి, నాలుగు ముద్దలు తినిపిస్తుంది. పనికి పోయే తల్లి ఏడ్చే పిల్లను బొమ్మతో ఏమార్చి గడప దాటుతుంది. ఈ రెండుచోట్లా 'మోసగించి' అన్న మాట పెడితే వాక్యం వికృతమవుతుంది. మోసగించులో నింద తప్పనిసరి భాగం. ఏమార్చులో నింద సందర్భాన్నిబట్టి వచ్చి చేరేదే. ఆకలిని ఏమార్చడం, దుఃఖాన్ని ఏమార్చడం అనే లాక్షణిక ప్రయోగాలు కూడ ఇక్కడినుండే పుట్టాయి. ఆకలిని ఎవరూ మోసగించలేరు, ఎందుకంటే ఆకలికి నమ్మకం లేదు. కాని అది కావలివానివలె మేలుకొని ఉండేది కనుక దానిని కాసేపు పరాకు పెట్టవచ్చు.

ఇంకొక విశేషం క్త్వార్థక రూపానికి సంబంధించినది. 'వాడు నన్ను మోసగించాడు' అన్నది పూర్తి అయిన ఫిర్యాదు. దాని తరువాత ఇంకేమీ అడగనవసరం లేదు. 'వాడు నన్ను ఏమార్చాడు' అన్నప్పుడు వినేవారికి వెంటనే 'ఏమార్చి ఏం చేశాడు?' అన్న ప్రశ్న కలుగుతుంది. అందుకే ఈ క్రియ 'ఏమార్చి' అన్న రూపంలో, మరొక ప్రధానక్రియకు ముందు నిలిచి, హాయిగా ఒదుగుతుంది: ఏమార్చి తప్పించుకొను, ఏమార్చి ఎత్తుకుపోవు, ఏమార్చి లోపలికి చొరబడు. మోసం తనకు తానే ఒక ఫలం. ఏమార్చడం ఒక సాధనం, ఫలం వేరొక క్రియలో ఉంటుంది. 'నమ్మించి మోసగించు' అన్న పలుకుబడికి సమాంతరంగా 'నమ్మించి ఏమార్చు' అన్నది నాలుకకు అంతగా ఒదగదు. 'మాటల్లో పెట్టి ఏమార్చు' అన్నది ఒదుగుతుంది. మొదటిదానిలో మాటలు అబద్ధాలు. రెండవదానిలో మాటలు నిజమే కావచ్చు, వాటి పని కాలహరణం.

వీటినుండి ఒక నికషం రూపొందించవచ్చు. వ్యవహారం ముగిసిన తరువాత బాధితుడు తన్ను తాను తిట్టుకొనేటప్పుడు ఏమంటాడన్నది ఆ నికషం. 'నమ్మి చెడ్డాను' అంటే జరిగినది మోసం. 'చూసుకోక చెడ్డాను' అంటే జరిగినది ఏమార్చడం. అబద్ధం ఆడారా లేదా అన్నది నిర్ణాయకం కాదు. అబద్ధం కూడ పరాకు పెట్టడానికి సాధనం కావచ్చు.

కథలలోని సాక్ష్యం

పంచతంత్ర హితోపదేశ కథలు, ఇతర నీతికథలు ఈ నికషానికి చక్కగా నిలుస్తాయి. మేకను మోసుకొనిపోయే బ్రాహ్మణునికి ముగ్గురు ధూర్తులు ఒకరి తరువాత ఒకరు ఎదురై అది కుక్క అని చెబుతారు. అతడు జాగ్రత్తగానే ఉన్నాడు. మొదటివాని మాట విన్నాక మేకను దించి మరీ చూసుకొన్నాడనే కథనాలూ ఉన్నాయి. అతనిని చెరిచినది పరాకు కాదు, ముగ్గురు చెప్పినది నిజమై ఉంటుందన్న నమ్మకం. ఇది శుద్ధమైన వంచన. నోట ముక్కను కరచుకొన్న కాకిని నక్క పాడమని పొగడిన కథ వేరు. నక్క పొగడ్త అబద్ధమే అయినా కాకి నష్టపోయినది ఆ అబద్ధాన్ని నమ్మినందువల్ల కాదు. తన గొంతు మధురమని నమ్మి, ముక్కను కాలికింద పెట్టుకొని పాడి ఉంటే దానికి నష్టమే లేదు. నోటిలో ముక్క ఉన్నదన్న సంగతిని ఏమరినందువల్ల అది నష్టపోయింది. సింహాన్ని నూతిలోకి దూకించిన కుందేటి కథ ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. మరొక సింహం ఉన్నదన్నది అబద్ధం, దానిని సింహం నమ్మింది. కాని నీటిలోని రూపం తనదే అని గుర్తించలేనంత పరాకు దానికి కోపంవల్ల కలిగింది. ఆ సింహం 'నమ్మి చెడ్డాను' అని ఉండేదో, 'చూసుకోక చెడ్డాను' అని ఉండేదో చెప్పడానికి నూతినుండి తిరిగి రాలేదు. పరవస్తు చిన్నయ సూరి 1853లో నీతిచంద్రికను వెలువరించిన నాటినుండి మిత్రభేదంలోని ఇటువంటి కథలు తెలుగు బాలురకు వాచకాలుగా నిలిచాయి. వీటికింద 'మోసము' అన్న ఒకే మాటను టీకగా రాసుకొన్న తరాలు ఎన్నో. టీకలో భేదం చూపి ఉంటే కథలోని నీతి కూడ భేదంతో అందేది.

భారతకథలో ఈ భేదం కేవలం శబ్దార్థ విషయంగా కాక ధర్మవిచారంగా మారుతుంది. యుద్ధపర్వాలలో పాండవ కౌరవ పక్షాలు చేసిన ఉపాయాలను సాధారణంగా 'మోసాలు' అని ఒకే గంపలో వేస్తుంటారు. సైంధవ వధ, ద్రోణ వధ, సౌప్తిక వధ అన్న మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఆ గంప నిలవదు.

సూర్యాస్తమయంలోగా సైంధవుని చంపకపోతే అగ్నిప్రవేశం చేస్తానని అర్జునుని ప్రతిజ్ఞ. కౌరవసేన సమస్తం ఆ ఒక్క పగలు సైంధవుని కాపాడడానికి బద్ధమై నిలిచింది. ప్రచారంలో ఉన్న కథ ప్రకారం కృష్ణుడు సూర్యుని మరుగుపరచి చీకటి కల్పించాడు. పొద్దు గ్రుంకిందని కౌరవులు ఊపిరి పీల్చుకొన్నారు, సైంధవుడు తల ఎత్తి చూశాడు. ఎవరూ ఎవరికీ మాట ఇవ్వలేదు, ఎవరి మాటా తప్పలేదు. శత్రువు ఏమరకుండా ఉండవలసిన కాలంలో ఏమరేటట్లు చేయడమే ఇక్కడ జరిగింది. ఏమార్చు అనే క్రియకు ఇంతకంటె నిండైన ఉదాహరణ దొరకడం కష్టం.

ద్రోణుని విషయం అలా కాదు. అశ్వత్థామ అనే పేరుగల ఏనుగును చంపి, అశ్వత్థామ చనిపోయాడన్న వార్తను ఆచార్యుని చెవిన వేశారు. ద్రోణుడు ఏమరలేదు. భీముని మాటను నమ్మక, అసత్యమాడడని పేరుబడ్డ ధర్మరాజునే అడిగి తెలుసుకొన్నాడు. అంటే జాగరూకత ఎంత ఉండవచ్చునో అంతా అతనికి ఉంది. అతనిని పడగొట్టినది ధర్మరాజు సత్యంమీద అతనికున్న నమ్మకం. ఇక్కడ 'ద్రోణుని ఏమార్చి' అని రాయడం అన్యాయం, 'వంచించి' అనే రాయాలి. ఇతిహాసం తానే ఈ భేదాన్ని లెక్కలో వేసింది. నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచే ధర్మరాజు రథం ఆ మాటతో నేలకు తాకింది. తరువాత అతడు నరకదర్శనం చేయవలసి వచ్చినది కూడ ఆ మాటకే. సైంధవ వధలోని చీకటికి ఇటువంటి శిక్ష ఎవరికీ రాలేదు. శత్రువు జాగరూకతను దొంగిలించడం యుద్ధంలో భాగమనీ, సత్యంమీది నమ్మకాన్ని దొంగిలించడం దానికి వెలుపలిదనీ కథ చెప్పకనే చెబుతున్నది.

సౌప్తిక వధ మూడవ కోవకు చెందుతుంది. రాత్రి మర్రిచెట్టుమీద నిద్రిస్తున్న కాకులను గుడ్లగూబ చంపడం చూసి అశ్వత్థామకు తన ఉపాయం తట్టింది. శిబిరంలో నిద్రించే ధృష్టద్యుమ్నుని, ఉపపాండవులను అతడు చంపాడు. వారు ఏమరి ఉన్నారు, కాని వారిని ఏమార్చినవారు లేరు. ఏమరిన వారిమీద దెబ్బతీయడానికీ ఏమార్చి దెబ్బతీయడానికీ నడుమ ఉన్న అంతరం ఇక్కడ తేలుతుంది. ఏమార్చడానికి ఎదుట మేలుకొని ఉన్న ప్రత్యర్థి కావాలి, వానితో బుద్ధితో పెనుగులాడాలి. నిద్రించేవానితో పెనుగులాట లేదు. అశ్వత్థామ చేసినది ఉపాయమన్న పేరుకు కూడ తగనిదై నిందకు పాత్రమైనది ఇందువల్లనే.

కీచక వధ మాత్రం ఈ విభజనకు సులభంగా లొంగదు. నర్తనశాలకు రమ్మన్న సైరంధ్రి మాటను కీచకుడు నమ్మాడు, కనుక అది వంచన. అయితే కామం అతనిని అంతకుముందే ఏమార్చి ఉంచింది. విరాటుని కొలువును శాసించేవాడు ఒంటరిగా, అలంకరించుకొని, చీకటిలోకి నడిచి వెళ్ళాడు. ఏమార్చిన కర్త బయటివారు కాక అతని లోపలి వికారమే కావడం ఇక్కడి విశేషం. వికారాలను కర్తలుగా నిలిపి 'ధనమదం అతనిని ఏమార్చింది' అనడం తెలుగులో సహజమైన వాక్యనిర్మాణమే.

రామాయణంలో సీతాపహరణ ఘట్టంలో రెండు క్రియలూ ఒకదాని వెంట ఒకటి పనిచేస్తాయి. మారీచుడు బంగారులేడియై రాముని దూరం తీసుకొనిపోయాడు. అది ఏమార్చడం. రావణుడు పరివ్రాజక వేషంలో వాకిట నిలిచి అతిథిసత్కారం అందుకొన్నాడు. అది వంచన. సీత చెడినది అతిథిధర్మంమీద, కాషాయంమీద ఉంచిన నమ్మకంవల్ల. నడుమ లక్ష్మణుని స్థితి విమర్శకులు గమనించదగినది. వాల్మీకి కథనంలో ఆ లేడి మారీచుడే అయి ఉంటుందని అతడు ముందే శంకించాడు. రాముని గొంతుతో వినిపించిన ఆక్రందననూ అతడు నమ్మలేదు. అయినా సీత పలికిన కఠినవాక్యాలకు తాళలేక కావలి విడిచాడు. లక్ష్మణుడు మోసపోలేదు, ఏమరనూ లేదు. అతనిని కదిలించినది వేరొక బలం. 'మారీచుడు రామలక్ష్మణులను ఏమార్చాడు' అన్న వాక్యం తరగతిగదులలో తరచు వినిపించేదే. ఆ వాక్యంలో లక్ష్మణునికి జరిగే అన్యాయం చిన్నది కాదు.

ఇరుగుపొరుగు క్రియలు

బురిడీ కొట్టించు, బోల్తా కొట్టించు అనే పలుకుబడులలో నవ్వేవారు తప్పనిసరి. నగల పెట్టెను నూతిలో పడవేశామని దొంగలు వినేటట్లు పలికి, తెల్లవార్లూ వారిచేత నీళ్ళు తోడించి తోట తడిపించుకొన్న తెనాలి రామకృష్ణుని కథ బురిడీకి ఉదాహరణ. అక్కడ దొంగలు కోల్పోయినది ధనం కాదు, పరువు. ఏమార్చడానికి ప్రేక్షకులు అక్కరలేదు, తరచు ఉండరు కూడ. 'ఎత్తుకు పైఎత్తు వేయు' అన్నది మరొక దారి. అందులో ఇరువురూ మేలుకొనే ఉంటారు, ఒకరి ఆలోచన మరొకరికి తెలిసే ఉంటుంది. ఆంగ్లంలోని 'అవుట్‌విట్' అనే క్రియకు బుద్ధిలో ఆధిక్యం ప్రధానం కాబట్టి దానికి దగ్గరి పలుకుబడి ఇదే. అనువాదకులు దానికి ఏమార్చు అని రాసినప్పుడు ప్రత్యర్థి తెలివిలో ఓడాడన్న అర్థం పోయి, పరాకున ఓడాడన్న అర్థం వస్తుంది. చదరంగంలో బలమంతా బల్లమీద కళ్ళెదుటే ఉంటుంది, దాచడానికి ఏమీ లేదు. అయినా ఒక మూల బంటును ఎరగా వదిలి వేరొక మూల కోటను పడగొట్టినవాడు ప్రత్యర్థిని ఏమార్చినవాడే. లెక్కలో మించి గెలిచినవానికి ఆ మాట చెల్లదు.

క్రీడల పుటలలో

ఈ క్రియ తన అసలు అర్థాన్ని నేడు ఎక్కువగా నిలుపుకొన్న చోటు, ఆశ్చర్యంగా, క్రీడావార్తలు. గోల్‌కీపర్‌ను ఏమార్చి బంతిని వలలోకి నెట్టడం, కూతకు వెళ్ళిన కబడ్డీ ఆటగాడు రక్షకులను ఏమార్చి గీత తాకడం, స్పిన్నర్ బ్యాటర్‌ను ఏమార్చి వికెట్ పడగొట్టడం అన్నవి ఆ పుటలలో ప్రశంసావాక్యాలు. వాటిలో 'మోసగించి' అన్న పదం పొరపాటున కూడ పడదు, ఎందుకంటే అది వెంటనే ఆరోపణ అవుతుంది. సాహిత్యవిద్యార్థి టీకలో సమానం చేసిన రెండు పదాలను క్రీడావిలేఖరి ఏనాడూ తారుమారు చేయలేదు.

ఆట నియమాలు కూడ ఏమార్చడానికి హద్దు గీస్తాయి. బౌలర్ గూగ్లీతో బ్యాటర్‌ను ఏమార్చడం నైపుణ్యం. కాని 2017లో అమలులోకి వచ్చిన క్రికెట్ నిబంధనావళి ప్రకారం, బ్యాటర్ బంతిని ఎదుర్కొన్న తరువాత ఫీల్డర్ మాటతో గాని చేతతో గాని ఉద్దేశపూర్వకంగా అతని దృష్టి మరల్చినా, భ్రమింపజేసినా 5 పరుగుల జరిమానా. చేతిలో లేని బంతిని విసిరినట్లు నటించడం ఇందులోకి వస్తుంది. రెండు పనులనూ తెలుగులో ఏమార్చడమనే అనవచ్చు. క్రియలో నింద లేదు, సందర్భంలో ఉంది అన్న ముందటి ప్రతిపాదనకు ఇది బలం చేకూరుస్తున్నది.

నేరవార్తలు, న్యాయభాష

నేరవార్తల భాషలో మాత్రం ఈ భేదం వేగంగా చెరిగిపోతున్నది. బస్టాండులో ఒకరి చొక్కామీద మురికి చల్లి, కడుక్కొనే లోపల సంచి ఎత్తుకుపోవడం, రోడ్డుమీద నోట్లు వెదజల్లి, వంగి ఏరుకొనే లోపల డబ్బున్న బ్యాగు మాయం చేయడం వంటివి ఏమార్చి చేసే దొంగతనాలు. 'దృష్టి మళ్ళించి' అని పత్రికలు వీటికి వాడే మాట ఏమార్చుకు విడమరచిన రూపం. చీటీల సంస్థ పేరుతో సంవత్సరాల తరబడి సొమ్ము కట్టించుకొని తలుపులు మూసినవారి పని ఇది కాదు. పరిచయస్థుల మాటమీద, రసీదులు చూసుకొని, నెలనెలా లెక్క సరిచూసుకొని సొమ్ము కట్టినవారు ఏమరినవారు ఎలా అవుతారు? అటువంటి వార్తకు 'ఖాతాదారులను ఏమార్చి కోట్లు స్వాహా' అన్న శీర్షిక పెట్టడం నమ్మకద్రోహాన్ని బాధితుల పరాకుగా మార్చి చెప్పడమే.

న్యాయస్మృతి ఈ రెంటినీ ఏనాడో విడదీసింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో దొంగతనం 378, 379 సెక్షన్లలోను, మోసగించి సొత్తు అప్పగింపజేసుకోవడం 420వ సెక్షన్‌లోను ఉండేవి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్‌కు, మోసం 318వ సెక్షన్‌కు మారాయి. దొంగతనంలో యజమాని సమ్మతి లేకుండా సొత్తు కదులుతుంది. మోసంలో యజమాని తానే సొత్తును అప్పగిస్తాడు, కాని అసత్యాన్ని నమ్మి అప్పగిస్తాడు. మురికి చల్లి సంచి ఎత్తుకుపోయినవానిది మొదటి నేరం, చీటీల నిర్వాహకునిది రెండవ కోవ. తెలుగువారు 'ఫోర్ ట్వంటీ' అన్న అంకెను తిట్టుగా స్వీకరించి, నమ్మకద్రోహికే దానిని కేటాయించారు. జేబుదొంగను ఎవరూ ఫోర్ ట్వంటీ అనరు. జనవ్యవహారంలో ఇంత స్పష్టంగా ఉన్న భేదాన్ని అచ్చుభాష పోగొట్టడం విచిత్రం.

ఫోనులో అధికారులమని చెప్పి, కేసు పెడతామని బెదిరించి, రహస్యసంఖ్య చెప్పించుకొని ఖాతా ఖాళీ చేసే నేరాలకు ఏ క్రియ తగును? బాధితుడు అవతలి గొంతును అధికారి గొంతని నమ్మాడు కనుక అది మోసం. భయంలో ఆ సంఖ్య ఎవరికీ చెప్పరాదన్న హెచ్చరికను ఏమరాడు కనుక అది ఏమార్చడమూ అవుతుంది. ఇటువంటి మిశ్రమ సందర్భాలలో కథనం రెండు క్రియలనూ తగిన చోట్ల వాడితే నేరం ఏ దశలో ఎలా జరిగిందో పాఠకునికి తెలుస్తుంది. ఒక్క 'ఏమార్చి'తో ముగిస్తే మిగిలేది బాధితుని అజాగ్రత్త ఒక్కటే. అటువంటి వార్తలకింద చదువుకున్నవారు కూడ ఇంత అమాయకులా అన్న వ్యాఖ్య తరచు పుట్టడంలో ఆ క్రియ పాత్ర లేదని చెప్పలేము.

రాజకీయ భాషలో దీని ప్రయోగం మరింత సూక్ష్మపరిశీలనకు అర్హం. 'హామీలతో ప్రజలను ఏమార్చారు' అన్నది అన్ని పక్షాలవారూ ఎదుటి పక్షంమీద వాడే వాక్యం. హామీ అన్నది మాట, మాట ఇచ్చి తప్పడం మోసం. దానిని ఏమార్చడమంటే హామీని నమ్మినవారిని పరాకు పడ్డవారిగా చిత్రించినట్లవుతుంది. ఒక సమస్యమీద ప్రజల చూపు నిలిచిన సమయంలో వేరొక వివాదాన్ని ముందుకు తెచ్చి, ఆ సందడిలో అసలు నిర్ణయాన్ని దాటించడం ఏమార్చడం. మొదటి సందర్భంలో ప్రజలు 'నమ్మాం' అంటారు. రెండవ సందర్భంలో 'చూసుకోలేదు' అనవలసి వస్తుంది, అదీ చాలాకాలం తరువాత, ఎవరైనా చూపితే. మోసపోయిన సంగతి మాట తప్పిన నాడే తెలిసిపోతుంది. ఏమరిన సంగతి ఏమరినంత కాలమూ తెలియదు. వక్తలు తొలి సందర్భానికి తరచు వాడే ఈ క్రియ, దానికి నిజంగా తగిన రెండవ సందర్భంలో మాత్రం అరుదుగా వినిపిస్తున్నది.